రేడియేషన్ ప్రయోగాల్లో డోసు: కొలత, సిమ్యులేషన్ గురించి తిరుపతి ల్యాబ్‌ల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్లాస్కులు, విత్తనాలు, ఈగలు, బ్యాక్టీరియా ప్లేట్లు పట్టుకుని రేడియేషన్ ఇప్పించుకోవడానికి వెళ్లే జీవశాస్త్రం వాళ్ల కోసం ఈ పేజీ. ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ, వెటర్నరీ యూనివర్సిటీ, వ్యవసాయ కళాశాల, ఏర్పేడు దగ్గర ఐసర్... తిరుపతి చుట్టూ పరిశోధకులకు కొదవ లేదు. కానీ ఫిజిక్స్ వాళ్లు, బయాలజీ వాళ్లు ఒక బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకునే సందర్భాలు తక్కువ. డోసు కొలవడం నా పని. నన్ను పదేపదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఒకచోట ఉంటే బాగుంటుందని రాస్తున్నాను. వీలైతే ప్రయోగం చేసే ముందు చదవండి. అయిపోయాక చదివితే కొన్ని విషయాలు సరిదిద్దుకోలేరు.

గ్రే అంటే ఏమిటి? సీవర్ట్ అని రాస్తే తప్పా?

కిలో పదార్థంలో ఒక జౌలు శక్తి దిగితే అది ఒక గ్రే. పాత పేపర్లలో కనిపించే వంద రాడ్‌లు ఒక గ్రేకి సమానం. శక్తిగా చూస్తే ఇది చాలా తక్కువ. 1 గ్రే పడితే నీళ్లు వేడెక్కేది 0.00024 డిగ్రీలు మాత్రమే. అయినా అదే 1 గ్రే ఒక్కో కణంలోని డీఎన్ఏలో సుమారు వెయ్యి ఒంటిపోగు తెంపులు, 30 నుంచి 40 దాకా జంటపోగు తెంపులు పెడుతుంది. శక్తి ఎంత అన్నదానికంటే ఎక్కడ, ఎంత దగ్గరదగ్గరగా దిగింది అన్నది ముఖ్యం కావడం వల్లే ఇలా జరుగుతుంది.

సీవర్ట్ మనుషుల రక్షణ లెక్కల కోసం పెట్టుకున్న యూనిట్. ఫ్లాస్కులో ఉన్న కణాలకు, విత్తనాలకు, ఎలుకలకు ఎప్పుడూ గ్రే లోనే రాయాలి.

మెషిన్‌లో 2 గ్రే అని సెట్ చేశారు. కణాలకు 2 గ్రే అందినట్టే కదా?

అందినట్టు కాదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

మెషిన్ ప్యానెల్ మీద కనిపించే అంకె ఒక ప్రత్యేక పరిస్థితికి చెందింది. మూలం నుంచి ఇంత దూరంలో, ఇంత ఫీల్డ్ సైజుతో (బీమ్ పడే చోటి కొలతలు), నీళ్లలో ఇంత లోతున, చుట్టూ కావలసినంత నీరు ఉన్నప్పుడు అక్కడ పడే డోసు అది. క్యాన్సర్ ఆస్పత్రిలో మెడికల్ ఫిజిసిస్ట్ ఆ అంకెను ఎంతో శ్రద్ధగా కొలిచి పెట్టి ఉంటారు. ఆ అంకెలో తప్పు లేదు. మీ ఫ్లాస్కు ఆ పరిస్థితిలో లేదు, చిక్కంతా అక్కడే. మీ కణాలు ప్లాస్టిక్ అడుగున పది మైక్రాన్ల పొరగా అంటుకుని ఉన్నాయి. వాటిపైన రెండు మిల్లీమీటర్ల మీడియం, ఆపైన గాలి, ఆపైన మళ్లీ ప్లాస్టిక్. ఒక ఎక్స్-రే క్యాబినెట్‌లో మూలం నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టాల్సిన ప్లేటు కింద సెంటీమీటరు మందం ట్రే చేరిందనుకోండి. దూరం వర్గానికి విలోమం కాబట్టి, ఆ ఒక్క సెంటీమీటరుతోనే డోసు 7 శాతం పెరుగుతుంది. ఆ ట్రే ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో లాగ్‌బుక్‌లో ఉండదు.

అందుకే ఎవరు వచ్చినా నేను మొదట అడిగేది ఒకటే: కణాలు ఉన్న చోట డోసు ఎవరైనా కొలిచారా?

పది శాతం అటూ ఇటూ అయితే ఏమవుతుంది సార్? బయాలజీలో అంత తేడా మామూలే కదా?

తక్కువ డోసులో అలాగే అనిపిస్తుంది. ఎక్కువ డోసులో పరిస్థితి వేరు. లెక్క వేసి చూద్దాం. కణాల మనుగడకు అందరూ వాడే లీనియర్-క్వాడ్రాటిక్ మోడల్ తీసుకుని, డోసుతో గుణించే ఆల్ఫా 0.3, డోసు వర్గంతో గుణించే బీటా 0.03 అనుకుందాం. సరిగ్గా 2 గ్రే పడితే 48.7 శాతం కణాలు బతుకుతాయి. పొరపాటున 2.2 పడితే 44.7 శాతం. ఈ తేడా మీ ఎర్రర్ బార్‌లో కలిసిపోతుంది. ఇప్పుడు 8 గ్రే చూడండి. బతికేవి 1.33 శాతం. అదే పది శాతం పొరపాటుతో 8.8 పడితే 0.70 శాతం. కాలనీల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది.

ఆ రోజే మీరు ఒక మందును పరీక్షిస్తున్నారనుకోండి. మందు వేసిన ఫ్లాస్కులు ట్రే మధ్యలో, వేయనివి అంచున పెట్టారు. మధ్యలో డోసు పది శాతం ఎక్కువ. మందు రేడియేషన్ ప్రభావాన్ని రెట్టింపు చేసిందని రిజల్ట్ వస్తుంది. పేపర్ కూడా అచ్చవుతుంది. ఇంకో ఊళ్లో ఇంకొకరు అదే ప్రయోగం చేస్తే రాదు. ఒక పిల్లో పిల్లాడో రెండేళ్లు ఆ మందు వెంట పడి తిరుగుతారు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. ట్రేలో ఫ్లాస్కుల స్థానాలు మార్చి మార్చి పెట్టండి, అంతే చాలు, ఈ గండం చాలావరకు తప్పుతుంది.

ఫ్లాస్కులో మీడియం ఎంత పోయాలి? బీమ్ పైనుంచా, కిందనుంచా?

కోబాల్ట్-60 గామా అయినా, లీనాక్ (క్యాన్సర్ చికిత్సలో వాడే ఎలక్ట్రాన్ యాక్సిలరేటర్) ఎక్స్-రే అయినా, పదార్థంలోకి దిగగానే పూర్తి డోసు ఇవ్వవు. ఫోటాన్లు ముందు ఎలక్ట్రాన్లను తన్ని లేపాలి. ఆ ఎలక్ట్రాన్లు కొంత దూరం పోయి శక్తిని దింపాలి. అందుకే పైపొరలో డోసు తక్కువగా ఉండి, లోపలికి పోయేకొద్దీ పెరిగి, కోబాల్ట్‌కి 5 మిల్లీమీటర్ల లోతున, 6 ఎంవీ (మెగావోల్టుల) లీనాక్‌కి 15 మిల్లీమీటర్ల లోతున గరిష్ఠానికి చేరుతుంది. దీన్నే బిల్డప్ అంటారు.

ఇప్పుడు మీ ఫ్లాస్కు సంగతి. 25 చదరపు సెంటీమీటర్ల ఫ్లాస్కులో అలవాటుగా 5 మిల్లీలీటర్ల మీడియం పోస్తాం. భాగిస్తే మీడియం ఎత్తు 2 మిల్లీమీటర్లు. లీనాక్ బీమ్ పైనుంచి వస్తే ఆ 2 మిల్లీమీటర్లు, మూత వైపు ప్లాస్టిక్ కలిపినా 15 మిల్లీమీటర్లలో పావువంతు కూడా కాదు. కణాలు బిల్డప్ ఇంకా ఎగబాకుతున్న చోట కూర్చున్నాయి. అక్కడ ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా డోసు మారిపోతుంది.

నేను చెప్పే పద్ధతి: గాంట్రీని (బీమ్ వచ్చే తలను మోసే చేయి) కిందికి తిప్పించి బీమ్‌ను కిందనుంచి ఇప్పించండి. ఫ్లాస్కు కింద నీటికి సమానమైన ప్లాస్టిక్ పలకలు, అడుగు ప్లాస్టిక్‌తో కలిపి 15 మిల్లీమీటర్లకు తగ్గకుండా పెట్టండి. అప్పుడు మీడియం ఎంత పోశారన్నది పెద్దగా పట్టదు. బల్ల కూడా బీమ్ దారిలో ఉంటుంది కాబట్టి అది ఎంత మింగుతుందో ఫిజిసిస్ట్‌ని లెక్కలో చేర్చమనండి. కిందనుంచి కుదరకపోతే ఫ్లాస్కు చుట్టూ, పైన పలకలు పేర్చి, ఫ్లాస్కును మూతిదాకా మీడియంతో నింపడం ఇంకో దారి. ఇందులో ఒక చిక్కుంది. కణాలు కిక్కిరిసి ఉన్న ఫ్లాస్కును నిండా నింపి బిగించి ఎక్కువసేపు ఉంచితే, లోపలి ఆక్సిజన్‌ను అవే తాగేస్తాయి. ఆక్సిజన్ లేని కణాలను చంపడానికి రెండున్నర నుంచి మూడు రెట్ల డోసు కావాలి. డోసు సరిగ్గా కొలిచి కూడా రిజల్ట్ తప్పుతుంది. నింపితే వెంటనే ఇచ్చేయండి, వెంటనే తీసేయండి.

96 వెల్ ప్లేటు అయితే?

కణాలు లేని వెల్స్‌ని ఖాళీగా వదలొద్దు, నీళ్లతోనో మీడియంతోనో నింపండి. వెల్స్ మధ్య గాలి ఖాళీలు ఎలాగూ ఉంటాయి, ఇంకా పెంచొద్దు. ఫీల్డ్ ప్లేటుకంటే ప్రతి వైపూ కనీసం రెండు మూడు సెంటీమీటర్లు పెద్దగా ఉండాలి. ఫీల్డ్ అంచున డోసు జారిపోతుంది. ఒకే ప్లేటులో సగం వెల్స్‌కి 2 గ్రే, సగానికి 4 గ్రే ఇవ్వాలని సీసం పలక అడ్డం పెట్టే ఆలోచన చాలామందికి వస్తుంది. పలక కింద కూడా చెదిరిన రేడియేషన్ చేరుతుంది. డోసుకో ప్లేటు వాడడమే మేలు.

గామా చాంబర్, లీనాక్, ఎక్స్-రే క్యాబినెట్... మా ప్రయోగానికి ఏది సరిపోతుంది?

అణుశక్తి విభాగం సంస్థ బ్రిట్ తయారుచేసే కోబాల్ట్-60 గామా చాంబర్లు దేశంలో చాలా యూనివర్సిటీల్లో ఉన్నాయి. విత్తనాలకు, పాలిమర్లకు, బ్యాక్టీరియాకు, అంటే పదుల నుంచి వేల గ్రేలు కావలసిన చోట ఇవి భేష్. క్షీరద కణాలకు 2 గ్రే ఇవ్వడానికి మాత్రం ఇవి సరైనవి కావు. డోసు రేటు గంటకు 3.6 కిలోగ్రే అనుకోండి. అంటే సెకనుకు 1 గ్రే. మీకు కావలసింది రెండు సెకన్ల పని. కానీ శాంపిల్ ఉన్న డ్రాయర్ మూలం దగ్గరికి దిగడానికి, మళ్లీ పైకి రావడానికి పట్టే సమయంలోనే బోలెడంత డోసు పడిపోతుంది. టైమర్‌లో అది ఎక్కడా కనిపించదు. దీన్ని ట్రాన్సిట్ డోసు అంటారు. టైమర్‌ను సున్నాకు పెట్టి డ్రాయర్‌ను ఒకసారి దింపి, ఎత్తి కొలిస్తే ఎంతో తెలుస్తుంది. వందల గ్రేలు ఇచ్చేటప్పుడు అది లెక్కలోకి రాదు. 2 గ్రే ఇచ్చేటప్పుడు అదే లెక్క మొత్తం.

లీనాక్‌లు క్యాన్సర్ చికిత్స చేసే ఆస్పత్రుల్లో ఉంటాయి. పేషెంట్ల చికిత్స అయ్యాక, సాయంత్రం, ఫిజిసిస్ట్ దయ ఉంటే దొరుకుతాయి. డోసు రేటు, ఫీల్డ్, కాలిబ్రేషన్ అన్నీ నమ్మదగ్గవి. పైన చెప్పిన బిల్డప్ సంగతి చూసుకుంటే కణాలకు ఇదే మంచి దారి.

ఎక్స్-రే క్యాబినెట్లు 160 నుంచి 320 కిలోవోల్టుల దాకా పనిచేస్తాయి. బిల్డప్ బాధ లేదు. వేరే చిక్కులున్నాయి. ఈ శక్తి దగ్గర ఫోటోఎలెక్ట్రిక్ ప్రభావం బలంగా ఉంటుంది, అణు సంఖ్య పెరిగేకొద్దీ అది జోరుగా పెరుగుతుంది. ప్లాస్టిక్ మీద పెంచిన కణాలకూ గాజు కవర్‌స్లిప్ మీద పెంచిన కణాలకూ ఒకే ఎక్స్పోజర్‌లో ఒకే డోసు పడదు. గాజులోంచి లేచిన ఎలక్ట్రాన్లు దాన్ని అంటుకున్న కణాలకు అదనంగా వడ్డిస్తాయి. ఫోసై (డీఎన్ఏ తెగిన చోట మెరిసే చుక్కలు) కోసం కవర్‌స్లిప్, కాలనీల కోసం ప్లాస్టిక్ వాడి, రెండింటినీ ఒకే గ్రాఫ్‌లో పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఫిల్టర్ వేశారా, ఎన్ని మిల్లీమీటర్ల రాగి, హాఫ్ వాల్యూ లేయర్ (బీమ్‌ను సగానికి తగ్గించే మందం) ఎంత అన్నవి తప్పకుండా రాసుకోండి. కిలోవోల్టులు మాత్రమే రాస్తే బీమ్ ఏమిటో ఎవరికీ తెలియదు.

కోబాల్ట్ సర్టిఫికెట్ రెండేళ్ల కిందటిది. అందులోని డోసు రేటు వాడొచ్చా?

క్షయం లెక్క వేసి వాడండి. కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 ఏళ్లు. నెలకు సుమారు 1.1 శాతం తగ్గుతుంది. రెండేళ్లకు 0.77 వంతు మిగులుతుంది. లెక్క వేయకపోతే 100 గ్రే అనుకుని 77 గ్రే ఇస్తారు. సీజియం-137 అయితే ఏడాదికి 2.3 శాతమే.

కొలవడానికి ఏం వాడాలి?

ముందు అయనీకరణ చాంబర్, అంటే రేడియేషన్ తనలోని గాలిలో పుట్టించే చార్జిని కొలిచే చిన్న గది. ముంబైలోని బార్క్ (బాబా అణు పరిశోధనా కేంద్రం) ప్రమాణాలతో కాలిబ్రేట్ అయిన చాంబర్ ఆస్పత్రి ఫిజిసిస్ట్ దగ్గర ఉంటుంది. కణాలున్న చోట, అదే అమరికలో, నీటికి సమానమైన ప్లాస్టిక్‌లో చాంబర్ పెట్టి డోసు రేటు తీసుకోవడం మొదటి మెట్టు.

ఇక్కడ మన ఊరికి సంబంధించిన ఒక విషయం. ఈ చాంబర్ లోపల ఉండేది బయటి గాలే. గాలి వేడెక్కితే పలచబడుతుంది, రీడింగ్ తగ్గుతుంది. సర్టిఫికెట్ 20 డిగ్రీలకు, 101.325 కిలోపాస్కల్స్‌కి ఇచ్చి ఉంటే, ఏసీ లేని గదిలో 30 డిగ్రీలు, 99 కిలోపాస్కల్స్ ఉన్న రోజున రీడింగ్‌ను 1.058తో గుణించాలి. దాదాపు ఆరు శాతం! పీడనం కోసం ఫోన్‌లో వెదర్ యాప్ చూసి రాసేవాళ్లున్నారు. యాప్‌లో కనిపించేది సాధారణంగా సముద్రమట్టానికి సరిదిద్దిన పీడనం. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి, అసలు పీడనం దానికంటే దాదాపు రెండు శాతం తక్కువ. అదే చాంబర్‌ను తిరుమల కొండపైకి తీసుకెళ్తే ఇంకో ఎనిమిది శాతం దాకా తగ్గుతుంది. గదిలోనే బారోమీటర్ ఉండాలి. చాంబర్‌ను ఏసీ గదిలోకి తెచ్చాక కాసేపు ఆగి, గది వేడికి సర్దుకోనిచ్చి కొలవాలి.

తర్వాత ఫిల్మ్. రేడియోక్రోమిక్ ఫిల్మ్ నాకు అన్నిటికంటే ఇష్టం, ఎందుకంటే అది డోసు ఎంతో చెప్పడంతోపాటు ఎక్కడెక్కడ ఎంతో బొమ్మ గీసి చూపిస్తుంది. గుండ్రంగా కత్తిరించి సిక్స్ వెల్ ప్లేటు వెల్స్‌లో ఒక్కొక్కటి వేయండి. కత్తిరించే ముందు షీట్‌కు ఏ వైపు పొడవో ప్రతి ముక్కకూ మూలన చిన్న గుర్తు పెట్టండి. స్కానర్‌లో తిప్పి పెడితే రీడింగ్ మారిపోతుంది. వేళ్ల గుర్తులు పడకుండా గ్లవ్స్ వేసుకోండి. కొద్దిసేపు మీడియంలో మునిగినా ఫర్వాలేదు, అంచుల్లోంచి నీరు కొంచెం లోపలికి పాకుతుంది, ఆ అంచు వదిలేసి మధ్యభాగం చదవండి. ఫిల్మ్ వెంటనే స్థిరపడదు, గంటల తరబడి ఇంకా నల్లబడుతూనే ఉంటుంది. అందుకే అన్ని ముక్కలనూ ఒకే విరామం తర్వాత, అంటే ఇరవైనాలుగు గంటలకు, స్కానర్ నడిమధ్యలో పెట్టి స్కాన్ చేయండి. అదే బ్యాచ్ ఫిల్మ్ ముక్కలకు తెలిసిన డోసులు ఇచ్చి కాలిబ్రేషన్ గీత గీసుకోకుండా ఫిల్మ్ వాడితే అది రంగు కాగితమే.

టీఎల్‌డీ చిప్స్ (పడిన డోసును దాచుకుని, వేడి చేస్తే వెలుగుగా చూపే పలుకులు) కూడా వాడొచ్చు. చిన్నవి, ఎలుకల ప్రయోగాల్లో బాగా పనికొస్తాయి. ఎక్స్-రే క్యాబినెట్‌లో వాడితే అవి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి, ఆ శక్తికి వేరే కాలిబ్రేషన్ కావాలి.

మా ల్యాబ్‌లో టీఎల్‌డీ బ్యాడ్జ్ ఉంది. దాన్నే ఫ్లాస్కు పక్కన పెడితే?

దయచేసి పెట్టొద్దు. ఆ బ్యాడ్జ్ ఒక మనిషి పేరు మీద ఉంది. దాని మీద 2 గ్రే పడితే, ఆ మనిషికి ప్రాణాపాయ స్థాయి డోసు పడిందని రిపోర్ట్ వస్తుంది, విచారణ మొదలవుతుంది. పైగా అందులోని పదార్థం, ఫిల్టర్లు మనుషుల రక్షణకు తగ్గట్టు పెట్టినవి, ప్రయోగాలకు కాదు.

ఫిల్మ్, చాంబర్ ఏవీ లేవు. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో ఏమైనా చేయగలమా?

చేయగలరు, కావలసింది వందల గ్రేలలో అయితే. ఫ్రికే డోసిమీటర్ అని ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం. 1920ల నుంచి వాడుకలో ఉంది. రేడియేషన్ పడితే ఫెర్రస్ అయాన్లు ఫెర్రిక్ అవుతాయి. 304 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చూస్తే, సెంటీమీటరు క్యువెట్‌లో 100 గ్రేకి అబ్సార్బెన్స్ 0.36 దాకా పెరుగుతుంది. ఒక ఫెర్రస్ అమోనియం సల్ఫేట్ సీసా, మంచి సల్ఫ్యూరిక్ ఆమ్లం, కొంచెం ఉప్పు, శుభ్రమైన డిస్టిల్డ్ వాటర్ ఉంటే చాలు. నీళ్లలో సేంద్రియ మలినం ఉంటే డోసు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అందుకే గాజు సామాను కడగడంలోనే ఈ పద్ధతి గెలుపోటములు ఉన్నాయి. క్యువెట్ ఒక డిగ్రీ వేడెక్కితే రీడింగ్ 0.7 శాతం పెరుగుతుంది, మన వేసవిలో అది మరిచిపోకూడదు. 40 గ్రే నుంచి 400 గ్రే దాకా నమ్మొచ్చు. 2 గ్రేకి పనికిరాదు.

శెనక్కాయ విత్తనాలకు గామా ఇప్పిస్తున్నాం. విత్తనాలకూ ఇంత పట్టింపు అవసరమా?

అవసరమే. మన జిల్లాల రైతులు ఎరిగిన టాగ్-24 రకం బార్క్‌లో రేడియేషన్ మ్యూటెంట్లతో చేసిన సంకరాల నుంచి వచ్చింది. మంచి మ్యూటెంట్ దొరకాలంటే డోసు ఒక ఇరుకైన పట్టీలో పడాలి. తక్కువైతే మార్పు రాదు, ఎక్కువైతే మొలకలే రావు. శెనక్కాయలకు సాధారణంగా వాడేది 150 నుంచి 300 గ్రే మధ్య.

విత్తనాల్లో డోసుతో సమానంగా తేమ పనిచేస్తుంది. బాగా ఎండినవి ఒకలా, కాస్త తేమ ఉన్నవి ఒకలా దెబ్బతింటాయి. అన్ని ప్యాకెట్లనూ ఒకే తేమకు తెచ్చి ఇప్పించండి. ఇక గామా చాంబర్ లోపల డోసు ఏకరీతిగా ఉండదు. మధ్యలో ఒకలా, గోడ దగ్గర, పైన, కింద ఒకలా ఉంటుంది. పెద్ద సంచి నిండా విత్తనాలు కుక్కి ఒకే డోసు అని రాయకండి. చిన్న ప్యాకెట్లు కట్టి, మధ్యలో నిలువుగా పేర్చి, పైన, మధ్యన, కింద ఒక్కో ఫ్రికే గొట్టం పెట్టండి. ఆ మూడు అంకెలే మీ డోసు, మీ ఏకరీతి ఎంతో కూడా చెబుతాయి. 100, 200, 300 గ్రే అని ముందు కొన్ని విత్తనాలతో మొలక శాతం చూసుకుని, ఆ తర్వాతే పెద్ద బ్యాచ్‌కి దిగండి.

సిమ్యులేషన్ చేస్తే కొలవక్కర్లేదు కదా?

కొలవాలి. సిమ్యులేషన్ మీరిచ్చిన జ్యామితికి జవాబు చెబుతుంది. మీరు ట్రే మందం తప్పు రాస్తే, తప్పు ట్రేకి చక్కటి జవాబు ఇస్తుంది. దాని విలువ వేరే చోట ఉంది. చాంబర్ పెట్టడానికి చోటు లేని పది మైక్రాన్ల కణాల పొరలో డోసు ఎంత? గాజు బదులు ప్లాస్టిక్ పెడితే ఎంత మారుతుంది? మీడియం ఎత్తు 2 నుంచి 4 మిల్లీమీటర్లు చేస్తే? ఇవన్నీ ల్యాబ్‌లో కొలవడం కష్టం, కంప్యూటర్‌లో సులువు. ముందు చాంబర్ కొలిచిన చోట సిమ్యులేషన్ కూడా అదే అంకె ఇస్తోందని చూపించండి, ఆ తర్వాత కొలవలేని చోటికి వెళ్లండి.

ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలి?

మోంటే కార్లో పద్ధతిలో ఒక్కో ఫోటాన్‌ను, అది లేపిన ఒక్కో ఎలక్ట్రాన్‌ను పాచికలు వేసినట్టు అడుగడుగునా నడిపిస్తారు. జియాంట్4, ఈజీఎస్‌ఎన్‌ఆర్‌సీ, ఎంసీఎన్‌పీ పెద్ద పేర్లు. జియాంట్4కి సీ++ రావాలి. అది రాని బయాలజీ వాళ్లకు దాని పైన కట్టిన గేట్, టోపాస్ మేలు, సెట్టింగులు రాసుకుంటే చాలు. జియాంట్4, గేట్ ఉచితం. ఎక్స్-రే క్యాబినెట్‌కు స్పెక్ట్రమ్ కావాలంటే స్పెక్‌పై అనే పైథాన్ పరికరంతో కిలోవోల్టులు, ఫిల్టర్ ఇచ్చి తయారు చేసుకోవచ్చు.

కొత్తగా మొదలుపెట్టిన వాళ్ల ఇన్‌పుట్ ఫైళ్లలో నేను మొదట చూసేది ప్రొడక్షన్ కట్. జియాంట్4లో ముందే ఉండే విలువ 0.7 మిల్లీమీటర్లు. అంటే ఎలక్ట్రాన్లు దారిలో తన్ని లేపే ద్వితీయ ఎలక్ట్రాన్లలో అంతకంటే తక్కువ దూరం పోయేవాటిని అది విడిగా నడపదు, పుట్టిన చోటే వాటి శక్తిని దింపేస్తుంది. మీ కణాల పొర 0.01 మిల్లీమీటరు. గాజు నుంచి కణాలలోకి దూకే ఎలక్ట్రాన్లను చూడడానికే మీరు సిమ్యులేషన్ చేస్తున్నారు. కట్ మార్చకపోతే అవి దారిలో లేపే చిన్న ఎలక్ట్రాన్లను మీరు లెక్కలోంచి తీసేసినట్టు. ఆ పొర దగ్గర ఒక మైక్రాన్‌కి దించండి, రన్ నెమ్మదిస్తుంది, ఓపిక పట్టండి.

రెండోది గణాంక అనిశ్చితి. ఫోటాన్ల సంఖ్య నాలుగు రెట్లు చేస్తేనే అది సగమవుతుంది. 1 శాతం నుంచి అర శాతానికి రావాలంటే ఒక రాత్రి పట్టే రన్‌కి నాలుగు రాత్రులు. పలుచని పొరలో తాకిడులు తక్కువ కాబట్టి ఒక్క కణాన్ని కాకుండా పొర విస్తీర్ణం మొత్తాన్నీ ఒకటిగా స్కోర్ చేయండి. మూడోది, చివర వచ్చే అంకె ఒక్క ఫోటాన్‌కి ఇంత డోసు అని వస్తుంది. దాన్ని నిమిషానికి ఇన్ని గ్రేలుగా మార్చడానికి మళ్లీ చాంబర్ కొలతే కావాలి.

జియాంట్4-డీఎన్ఏ నేర్చుకోవాలా?

ఫ్లాస్కుకు ఎంత డోసు పడిందో తెలియడానికి అక్కర్లేదు. డీఎన్ఏ వెడల్పు 2 నానోమీటర్లు. ఆ స్థాయిలో ఎలక్ట్రాన్ ఎక్కడ ఎన్నిసార్లు తాకింది, నీటినుంచి పుట్టిన రాడికల్స్ ఎటు పోయాయి అని అడిగేవాళ్లకు అది. మీ ప్రశ్న అదే అయితే తప్పకుండా నేర్చుకోండి, అద్భుతమైన పని. మీ ప్రశ్న కాలనీల లెక్క అయితే ఆ సమయాన్ని ఫిల్మ్ కాలిబ్రేషన్ మీద పెట్టండి.

డోసు కొలవకుండా గామా-హెచ్2ఏఎక్స్ ఫోసై లెక్కపెడితే సరిపోదా?

అది జీవం ఇచ్చిన జవాబు, డోసు కొలత కాదు. కణ రకం, కణ చక్రంలో దశ, ఎన్ని నిమిషాలకు ఫిక్స్ చేశారు, యాంటీబాడీ బ్యాచ్ అన్నిటితోనూ మారుతుంది. 0, 1, 2 గ్రేలకు గీత నిటారుగా వచ్చిందా అని సరిచూసుకోవడానికి మాత్రం వాడండి.

మీడియంలో అయోడిన్-131 కలిపాం. ఎన్ని బెక్వెరెల్‌లో తెలుసు. డోసు అదే కదా?

బెక్వెరెల్ అంటే సెకనుకు ఒక విఘటనం. అది మీడియంలో జరిగిందా, కణం పొర మీదా, న్యూక్లియస్‌లోనా అన్నదాన్నిబట్టి డోసు మారుతుంది. గంటగంటకూ కణాలను కడిగి లెక్కించి, కణాల్లో ఎంత చేరిందో కాలంతో గీత గీయాలి. ఆ గీత కింది వైశాల్యాన్ని ఎస్-విలువలతో (ఒక్కో విఘటనానికి ఎంత డోసో చెప్పే అంకెలు) గుణిస్తే డోసు వస్తుంది. ఈ పద్ధతిని మిర్డ్ అంటారు. ఆల్ఫా మూలాలైతే ఇంకా జాగ్రత్త. అమెరీషియం-241 ఆల్ఫా నీళ్లలో పోయేది సుమారు 40 మైక్రాన్లు. మామూలు పెట్రీ డిష్ అడుగు దాన్ని పూర్తిగా ఆపేస్తుంది. కొన్ని మైక్రాన్ల మైలార్ అడుగున్న డిష్ కావాలి.

యూవీ ల్యాంప్‌కి కూడా గ్రే వాడాలా?

వద్దు. యూవీకి చదరపు మీటరుకు ఇన్ని జౌళ్లు అని రాయాలి. 254 నానోమీటర్ల మీటర్‌తో ప్లేటు ఎత్తులో కొలవండి. ప్లేటు మూత తీయండి, మీడియం తీసేసి పలుచగా బఫర్ ఉంచండి. ప్లాస్టిక్ మూత ఆ యూవీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది.

ఏర్పేడు నుంచి తిరుపతి ఆస్పత్రికి ఫ్లాస్కులు ఎలా తీసుకెళ్లాలి?

మే నెలలో ఇది డోసుకంటే పెద్ద సమస్య. బయట నలభై దాటుతుంది. వేడికి కణాలు ఒత్తిడికి గురైతే ఆ ప్రభావాన్ని మీరు రేడియేషన్ ఖాతాలో రాసుకుంటారు. మూతలు బిగించి, థర్మాకోల్ పెట్టెలో పెట్టి, లోపల చిన్న థర్మామీటర్ వేయండి. మంచు మీదనా, 37 డిగ్రీల దగ్గరా అన్నది ముందే తేల్చుకుని ప్రతిసారీ అదే పాటించండి. మంచు మీద డీఎన్ఏ మరమ్మతు దాదాపు ఆగిపోతుంది, వెచ్చగా ఉంటే నిమిషాల్లో మొదలవుతుంది. ఇవ్వడానికి, తిరిగి ఇంక్యుబేటర్‌లో పెట్టడానికి మధ్య సమయం రాసుకోండి.

కంట్రోల్ ఫ్లాస్కు కూడా అదే పెట్టెలో, అదే ఆటోలో వెళ్లాలి. ఆస్పత్రిలో అదే బల్ల మీద, బీమ్ వేయకుండా అంతే సేపు ఉండాలి. ల్యాబ్‌లో ఇంక్యుబేటర్‌లో హాయిగా ఉన్న ఫ్లాస్కు కంట్రోల్ కాదు.

రేడియేషన్ ఇచ్చాక కణాలు రేడియోధార్మికంగా మారతాయా?

మారవు. కోబాల్ట్, సీజియం గామాలతో, ఎక్స్-రే క్యాబినెట్‌తో, 6 ఎంవీ లీనాక్‌తో అలాంటిదేమీ జరగదు. మామూలు బయో వేస్ట్ పద్ధతిలోనే పారేయండి. టెన్షన్ అక్కర్లేదు.

అనుమతులు ఎవరు తీసుకోవాలి? మేమే మెషిన్ ఆన్ చేయొచ్చా?

మెషిన్ ఎవరి దగ్గరుందో ఆ సంస్థకు 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్స్ ఉండాలి. రేడియేషన్ భద్రతాధికారి ఉంటారు, నడపడానికి శిక్షణ పొందినవారే నడుపుతారు. మీరు శాంపిల్ పెట్టి, తలుపు బయట నిలబడాలి. జంతువులైతే మీ సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి విడిగా కావాలి. ఫిజిసిస్ట్‌ని సహ రచయితగా పెట్టుకోవాలా అని కూడా అడుగుతుంటారు. అమరిక డిజైన్ చేసి, కొలిచి, సిమ్యులేషన్ చేసిన మనిషిని కృతజ్ఞతల్లో ఒక లైన్‌తో సరిపెట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం.

పేపర్‌లో, థీసిస్‌లో డోసు గురించి ఎంత రాయాలి?

ఇంకొకరు మీ ప్రయోగాన్ని మళ్లీ కట్టగలిగేంత. 2011లో అమెరికాలోని జాతీయ క్యాన్సర్ సంస్థ, ప్రమాణాల సంస్థ నిస్ట్ తదితరులు ఈ ఒక్క విషయం మీదే వర్క్‌షాప్ పెట్టుకున్నారు. పేపర్లలో డోసు వివరాలు ఎంత అరకొరగా ఉంటున్నాయన్నది అక్కడి చర్చ. వైవాలో అడిగినప్పుడు వెతుక్కోవడం కంటే ముందే ఇలా రాసి పెట్టుకోండి. అంకెలు ఉదాహరణకే, మీవి మీరు వేసుకోండి:

"25 చదరపు సెంటీమీటర్ల ప్లాస్టిక్ ఫ్లాస్కుల్లో 5 మిల్లీలీటర్ల మీడియం కింద అంటుకుని ఉన్న కణాలకు 6 ఎంవీ లీనాక్ ఫోటాన్లతో కిందనుంచి రేడియేషన్ ఇచ్చాం. ఫీల్డ్ 20 × 20 సెంటీమీటర్లు, మూలం నుంచి కణాల దాకా 100 సెంటీమీటర్లు, ఫ్లాస్కు అడుగుతో కలిపి 15 మిల్లీమీటర్ల నీటి సమాన బిల్డప్. కణాల స్థానంలో డోసు రేటు నిమిషానికి 2 గ్రే. దీన్ని బార్క్ ప్రమాణాలకు అనుసంధానమైన అయనీకరణ చాంబర్‌తో, ఉష్ణోగ్రత, పీడన సవరణలతో కొలిచాం. ఫ్లాస్కు విస్తీర్ణంలో ఏకరీతిని రేడియోక్రోమిక్ ఫిల్మ్‌తో పరిశీలించగా తేడా 3 శాతం లోపు. ఫ్లాస్కులను మంచు మీద తెచ్చాం. కంట్రోల్ ఫ్లాస్కులు బీమ్ మినహా అన్నిట్లోనూ తోడుగా ఉన్నాయి."

సిమ్యులేషన్ చేసి ఉంటే కోడ్ పేరు, వెర్షన్, ఫిజిక్స్ లిస్ట్ (ఏ భౌతిక ప్రక్రియలను లెక్కలోకి తీసుకున్నారో), కట్ విలువ, స్పెక్ట్రమ్ ఎక్కడిది, గణాంక అనిశ్చితి ఎంత అన్నవి ఇంకో రెండు లైన్లలో వేయండి. ఫిల్మ్ స్కాన్, ఫ్లాస్కు అమరిక ఫోటో ఒక్కొక్కటి అనుబంధంలో పెట్టండి.